ఆరేళ్ళ స్టీల్ స్ట్రా: బీచ్ రోడ్డు బొండాం నుంచి క్రూయిజ్ డెక్ దాకా

2019 ఎండాకాలంలో కొన్నాను. నాలుగు స్టీల్ స్ట్రాలు, ఒక సన్నటి బ్రష్షు, దాచుకోవడానికి గుడ్డ సంచీ, అన్నీ కలిపి రెండొందల యాభై చిల్లర. రెండు నిటారుగా ఉండేవి, రెండు మెడ దగ్గర వంచినవి. ఈ ఆరేళ్ళలో ఒకటి రుషికొండ ఇసుకలో పోయింది. ఒకటి మనవరాలు సబ్బు బుడగలు ఊదుకోవడానికి ఎత్తుకుపోయింది. ఒకటి నేనే పారేశాను, ఎందుకో తర్వాత చెప్తాను. మిగిలిన ఒక్కటీ ఇది రాస్తుంటే నా చొక్కా జేబులో పెన్ను పక్కన ఉంది. కొన్న మూడో రోజే ఐదు స్టార్లు ఇచ్చేసినవాళ్ళ మాట నమ్మి నేనూ కొన్నాను. బ్రష్షుకి ఉన్న కుచ్చు రాలిపోయేదాకా వాడాక చెప్పాల్సిన సంగతులు వేరే ఉంటాయి.

మా ఇంట్లో ఇది పర్యావరణంతో మొదలవలేదు. చొక్కా మీద మరకతో మొదలైంది. పొద్దున్న మా విశాఖ బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసిన వేళ నడిచి, కాళీమాత గుడి దాటాక ఒక బండి దగ్గర బొండాం తాగడం నా అలవాటు. చిన్నప్పుడు మా ఊళ్ళో బొండాం ఎత్తి గటగటా తాగేవాళ్ళం. సగం గొంతులోకి, సగం చొక్కా మీదకి. అప్పటికి నీళ్ళలాగే కనిపిస్తుంది, ఉతికి ఆరేశాక గోధుమరంగు మరక తేలుతుంది, ఇక జన్మలో పోదు. అరవై దగ్గర పడ్డాక తెల్లచొక్కా మీద ఆ మరకలు పెట్టుకుని ఇంటికి వస్తే మా ఆవిడ ఊరుకోదు. కాబట్టి స్ట్రా మానేస్తే పోలా అనే సలహా బొండాం దగ్గర పనిచేయదు. చెరకు రసానికీ మజ్జిగకీ స్ట్రా ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి.

మొదటి రోజు నేను సంచీలోంచి స్టీల్ స్ట్రా తీస్తే బండి ఆయన కత్తి ఆపి చూశాడు. "ఏటి బాబుగారూ, ఆస్పత్రి సామానా?" అన్నాడు. ఇప్పుడైతే నేను మర్చిపోయి వెళ్ళిన రోజున "ఇనప గొట్టం ఏదీ?" అని ఆయనే అడుగుతాడు.

బొండానికి స్టీల్ స్ట్రా బాగా పనికొస్తుంది. కొసలు అరగదీసి నున్నగా ఉంటే పెదవి కోసుకోదు. లేత కొబ్బరి పొరని లోపల్నుంచే గీరుకోవచ్చు. ప్లాస్టిక్‌దైతే వంగిపోయేది. చల్లటి బొండాంలో పెడితే రెండు గుక్కల్లో గొట్టం మొత్తం చల్లబడి పెదవికి హాయిగా తగులుతుంది. అదే గొట్టాన్ని వేడి కాఫీలో పెట్టి ఒకసారి నాలుక కాల్చుకున్నాను. ఆ తెలివితక్కువతనం నాదే.

ఇక లోపాలు. కొబ్బరినీళ్ళు తాగి, కడగకుండా సంచీలో పెట్టి, సాయంత్రం దాకా మర్చిపోతే ఏమవుతుందో చెప్తాను. లోపల సన్నటి కొబ్బరి పొర అంటుకుని ఎండుతుంది. విశాఖ ఉక్కలో అది మధ్యాహ్నానికే పులుస్తుంది. నిటారు స్ట్రాని దీపానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూస్తే లోపలంతా కనిపిస్తుంది, మెరుస్తుందా మురికిగా ఉందా తెలిసిపోతుంది. వంచిన స్ట్రాలో ఆ మలుపు దగ్గర ఏముందో దేవుడికే తెలియాలి. బ్రష్షు మలుపు తిరుగుతుంది గానీ కుచ్చు అక్కడ నలిగి అడుగు గోడని తాకదు. ఒకరోజు వంటసోడా వేసిన నీళ్ళలో మరగబెడితే మలుపులోంచి చీమ తల సైజు నల్లటి తునక ఒకటి బయటికొచ్చింది. ఎన్నాళ్ళుగా దాని మీదుగా తాగుతున్నానో! ఆ పూటే చెత్తబుట్టలో వేశాను. రెండో వంకరదే మనవరాలికి బుడగల కోసం వెళ్ళింది.

ఇంకో సంగతి పళ్ళు. ఆటోలో కూర్చుని తాగకండి. సిరిపురం దగ్గర ఆటో గుంతలో పడితే గొట్టం నా పైపన్నుకి ఠంగుమని తగిలింది. పన్ను విరగలేదు గానీ రెండు రోజులు అన్నం ఒకవైపే నమిలాను. పిల్లలకి అది ఇచ్చి పరిగెత్తనివ్వకూడదు.

2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ స్ట్రాల తయారీ, అమ్మకం, వాడకం నిషేధించారు కదా. డబ్బా జ్యూస్‌ల పక్కన అంటించి ఇచ్చే చిన్న స్ట్రాలు కూడా అందులోకే వచ్చాయి, గడువు ఇమ్మని కంపెనీలు అడిగినా ఇవ్వలేదు. అప్పటినుంచి మన బళ్ళ మీద కాగితం స్ట్రాలు వచ్చాయి. బొండాంలో నీళ్ళు ఎక్కువుంటే సగానికే మెత్తబడి మూతికి అంటుకుంటాయి. ఫలూదా లాంటిదానికైతే ఒక్క పీల్పుకే రెండు గోడలూ అతుక్కుపోతాయి. కాగితం స్ట్రా కొత్త వస్తువేం కాదు. 1888లోనే అమెరికాలో మార్విన్ స్టోన్ అనే ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు, నానిపోకుండా మైనం పూసి. ప్లాస్టిక్ వచ్చి దాన్ని తోసేసింది, ఇప్పుడు మళ్ళీ అదే తిరిగొచ్చింది. 2023లో బెల్జియం పరిశోధకులు ముప్పైతొమ్మిది బ్రాండ్ల స్ట్రాలు పరీక్షిస్తే, ఏళ్ళ తరబడి విరగని పీఫాస్ రసాయనాలు కాగితం స్ట్రాల్లో ఎక్కువ భాగంలో దొరికాయి, వెదురు వాటిలోనూ దొరికాయి. మోతాదు తక్కువే. స్టీల్‌లో మాత్రం దొరకలేదు. ఈ ముక్క చదివిన రోజు బండి ఆయన దగ్గర కొంచెం గర్వంగా నిలబడ్డానని ఒప్పుకుంటాను.

ఆ గర్వం ఇంట్లో నిలవలేదు. మా అమ్మకి 2021లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మూతి ఒక పక్క పడిపోయాయి. గ్లాసుతో తాగితే కారిపోతుంది. మెడ ఎత్తకుండా తాగాలంటే వంగే స్ట్రా కావాలి. వంగే స్ట్రాకి 1937లో పేటెంట్ తీసుకున్న జోసెఫ్ ఫ్రీడ్‌మన్ కూడా దాన్ని మొదట అమ్మింది ఆసుపత్రికే. స్టీల్ స్ట్రా పెడితే అమ్మ చిగురుకి గుచ్చుకుంది. కాగితంది పెడితే కొరికేసింది, ముక్క నోట్లోనే ఉండిపోయింది, వేలు పెట్టి తీశాను. నిషేధం తర్వాత మందుల షాపుల్లో పాతరకం స్ట్రాలు దొరకడం మానేశాయి. చివరికి సిలికాన్ స్ట్రా కొన్నాను. మెత్తగా వంగుతుంది, కొరికినా తెగదు, మరగబెట్టుకోవచ్చు. మూడేళ్ళుగా అమ్మకి అదే. లోపం ఒకటుంది. ఎక్కడ పెట్టినా దుమ్మూ నూగూ అంటుకుంటుంది, పసుపు వేసిన పాలు తాగితే పసుపుపచ్చగా మారి అలాగే ఉండిపోతుంది. మా అమ్మ స్ట్రా ఇప్పుడు మామిడిపండు రంగులో ఉంది. మంచంలో ఉన్న పెద్దవాళ్ళున్న ఇంటికి నేను చెప్పేది ఇదొక్కటే. స్టీల్ వద్దు, సిలికాన్ కొనండి.

ఇక ఓడ సంగతి. 2023 డిసెంబరులో సింగపూర్‌లో ఉండే మా అమ్మాయి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసి మమ్మల్ని తీసుకెళ్ళింది. అప్పటికే మన ఓడరేవులో కొత్త క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఆ తర్వాత 2024 ఏప్రిల్‌లో 'ద వరల్డ్' అనే ఓడ వచ్చి ఆగితే ఊరంతా చెప్పుకున్నారు. మేము మాత్రం పరాయి రేవు నుంచే ఎక్కాం. ఎయిర్‌పోర్టు తనిఖీలో గుడ్డసంచీ విప్పి గొట్టం, బ్రష్షు చూసి "ఇదేమిటి సార్" అన్నారు. నోట్లో పెట్టుకుని చూపించాను. నవ్వి పంపేశారు.

మొదటి సాయంత్రం డెక్ మీద మామిడిపండు స్మూతీ చెప్తే స్ట్రా లేకుండా వచ్చింది. అడిగితేనే ఇస్తారట, ఇచ్చినా కాగితందే. రాయల్ కరీబియన్, నార్వీజియన్ లాంటి పెద్ద కంపెనీలు 2018లోనే ప్లాస్టిక్ స్ట్రాలు తీసేశాయి. స్మూతీ చిక్కగా ఉంది, కాగితం గొట్టం వల్ల కాలేదు. నేను జేబులోంచి నాది తీశాను. వడ్డించే కుర్రాడు చూసి ఇంగ్లీషులో ఏదో అంటూ, నేను మా ఆవిడతో మాట్లాడుతున్న తెలుగు విని ఆగిపోయాడు. "మీది వైజాగా బాబాయ్‌గారూ?" ఆయనది సోంపేట దగ్గర. ఉద్దానం నుంచి ఓడల మీదకి వెళ్ళేవాళ్ళు ఎంతోమంది, అయినా నడిసముద్రంలో ఆ యాస వినపడితే ఒళ్ళు పులకరిస్తుంది.

అంతకుముందు వేరే ఓడలో అతను చెత్త గదిలో పనిచేశాడట. స్ట్రా గురించి నేను అన్నేళ్ళలో తెలుసుకోనిది పావుగంటలో చెప్పాడు. నేను అనుకున్నది, స్ట్రా గాలికి ఎగిరి సముద్రంలో పడుతుంది కాబట్టి ఆపేశారని. అదీ ఉంది. డెక్ మీద గాలికి కాగితం టవలే నిలవదు. అయితే వాళ్ళకి అసలు తలనొప్పి ఎంగిలి పళ్ళెం. మిగిలిన తిండి అంతా పల్పర్ అనే పెద్ద గ్రైండర్‌లోకి పోతుంది. అక్కడ మెత్తగా నలిగిందాన్ని తీరానికి దూరంగా సముద్రంలో వదలడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. తిండిలో ప్లాస్టిక్ కలిస్తే మాత్రం మొత్తం నేరమే.

ఆ నిబంధనల పేరు మార్పోల్, అంతర్జాతీయ ఒప్పందం. చెత్త గురించి చెప్పే దాని అయిదో అనుబంధం 1988 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. ప్లాస్టిక్ ఏ రూపంలోనైనా ఏ సముద్రంలోనైనా వేయకూడదు, కాల్చిన ప్లాస్టిక్ బూడిద కూడా. తిండి నలగ్గొట్టకపోతే తీరానికి 12 నాటికల్ మైళ్ళ అవతలే వేయాలి. అంటే ఇరవైరెండు కిలోమీటర్లు, ఇంచుమించు మన ఆర్కే బీచ్ నుంచి భీమిలి అంత దూరం. 25 మిల్లీమీటర్ల కన్నం ఉన్న జల్లెడ దాటేంత చిన్నగా నలగ్గొడితే 3 మైళ్ళ అవతల చాలు. ఇక్కడే స్ట్రా కిటుకు. దాని వెడల్పు ఆరు మిల్లీమీటర్లు. చేప ముల్లులా అన్నంలో దాక్కుని గ్రైండర్‌లో పడితే తునకలై జల్లెడ దాటేస్తుంది. "సీసా అయితే కంటికి అవుపడిపోద్ది బాబాయ్‌గారూ. స్ట్రా ముక్క, జెల్లీ డబ్బా మూత, ఇయ్యే మా ప్రాణం తీసీవి. గ్లవ్స్ ఏసుకుని ఎంగిల్లో ఏరుకోవాల" అన్నాడు. ఇది ఊరికే భయపడడం కాదు. 2019 జూన్‌లో కార్నివాల్ కంపెనీ మయామి కోర్టులో ఉల్లంఘనలు ఒప్పుకుని 2 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. వాటిలో బహామాస్ దగ్గర తిండి వ్యర్థాలతో కలిపి ప్లాస్టిక్‌ని సముద్రంలో వదలడం ఒకటి.

ఆ మర్నాడు నుంచి నేను పళ్ళెం వెనక్కి ఇచ్చేముందు వెన్న డబ్బా మూతలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. మా అమ్మాయికి సిగ్గేసింది.

స్ట్రాలు తీసేసిన ఆ ఓడలోనే రేవులో దిగేటప్పుడు మెట్ల దగ్గర బల్ల వేసి ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు అమ్మారు. గదిలో గాజు కూజాలో నీళ్ళు పెట్టే ఓడ, మెట్ల దగ్గరికి వచ్చేసరికి మారిపోయింది. ఆ రాత్రి కేబిన్‌లో పడుకుని నా లెక్క మొదలుపెట్టాను, దాన్ని ఇప్పటిదాకా లాగితే ఇదీ సంగతి. వారానికి మూడు బొండాలనుకుంటే, ఆరేళ్ళకి తొమ్మిది వందల పైచిలుకు స్ట్రాలు అవుతాయి. ఒక్కో ప్లాస్టిక్ స్ట్రా అర గ్రాము తూగదు. అంటే ఆరేళ్ళు ఇంత హడావిడి చేసి నేను ఆపేది అరకిలో కూడా లేదు. లీటరు నీళ్ళ సీసా ఖాళీది ఇరవై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. రెండు డజన్ల సీసాలతో నా ఆరేళ్ళ పుణ్యం సరి. మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో ఒక్క బంతికి అంతకంటే ఎక్కువ సీసాలు వేశారు. అప్పటినుంచి సంచీలో స్ట్రాతో పాటు స్టీల్ సీసా కూడా మోస్తున్నాను, బరువు సంగతి అడక్కండి.

మరి స్ట్రా ఎందుకు మానలేదంటే, దానికి బరువుతో సంబంధం లేని కారణం ఒకటుంది. 2015లో కోస్టారికా తీరంలో ఒక తాబేలు ముక్కులోంచి ప్లాస్టిక్ స్ట్రాని పటకారుతో లాగిన వీడియో చూసే ఉంటారు. అది ఆలివ్ రిడ్లే జాతి తాబేలు. మన ఆర్కే బీచ్‌కి, జోడుగుళ్ళపాలేనికి ఏటా చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వచ్చేదీ అదే జాతి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లు ఏరి వల కట్టిన ఇసుకలో పొదిగించి పిల్లల్ని వదులుతారు. ఒక తెల్లవారుజామున నేను చూశాను. అరచేతిలో సగం కూడా లేని పిల్ల, ఇసుకలో ఎవరిదో అడుగుజాడ గుంటలో పడి, ఎక్కలేక, మళ్ళీ పడి, మళ్ళీ ఎక్కి నీళ్ళ వైపు నడిచింది. దాని దారిలో ఐస్‌క్రీం పుల్ల ఒకటి, పాత గులాబీరంగు స్ట్రా ముక్క ఒకటి ఉన్నాయి. నేను ముక్క తీసి జేబులో వేసుకున్నాను.

కొనబోయేవాళ్ళకి నా లెక్క ఇది. బొండాం, లస్సీ రోజూ తాగే అలవాటుంటే నిటారువి రెండు చాలు, ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది. వంకరవి ఉన్న సెట్ కొనకండి, ఊరికే ఇచ్చినా వద్దు. కొస మీద వేలు పెట్టి తిప్పి చూడండి, గీరుకుంటే షాపులోనే వదిలేయండి. తాగిన వెంటనే బండి దగ్గరున్న నీళ్ళతో ఒక్కసారి లోపల కడిగేస్తే సగం బాధ ఉండదు. గుడ్డసంచీ తడిసి ముక్కిపోతుంది, వారానికోసారి ఎండలో వేయాలి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి బ్రష్షుకి. మూడో ఏటికే దాని కుచ్చు రాలిపోయింది, విడిగా కొందామంటే దొరకలేదు. ఇప్పుడు నూలుదారానికి ముడివేసి గొట్టంలో అటూ ఇటూ లాగుతున్నాను. ఆ ఉపాయం మా బొండాం బండి ఆయనదే.