నానీయా, కార్డు కథా, ఆటవెలదా: కొత్తగా రాసేవాళ్ళకి ఏది మేలు?

చెన్నై వడపళనిలో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది చక్కటి తెలుగు, బళ్ళో చదువుకున్నది తమిళం, ఇంగ్లీషు. మొన్న దసరా సెలవుల్లో వచ్చి, "అక్కా, నాకు తెలుగులో ఏదైనా రాయాలని ఉంది. చిన్నదే. ఫోన్‌లో పెడితే నలుగురూ చదవాలి. దేంతో మొదలుపెట్టమంటావు?" అని అడిగింది. "నానీలు రాయమ్మా" అన్నాను, నాలుగు పాదాల చిన్న కవితలు అవి. ఎవరిని అడిగినా చెప్పే మాట అదే కదా. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది అది కాదేమో అనిపించింది.

మేము పదిమందిమి ఆదివారం సాయంత్రాలు వాట్సాప్‌లో చిన్న చిన్న రచనలు రాసి పంపుకుంటాం. రెండేళ్ళయింది. అందరం చెన్నైలో ఉండే తెలుగువాళ్ళమే, ఒక్కరు కూడా పేరున్న రచయితలు కారు. ఈ రెండేళ్ళలో నానీ, హైకూ, కార్డు కథ, గొలుసు కథ, ఆటవెలది, ఫోటో వ్యాఖ్య, అన్నీ ప్రయత్నించాం. ఎవరెవరు ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ ముందుకు వెళ్ళారో దగ్గర నుంచి చూశాను. ఇక్కడ చెప్పేదంతా ఆ అనుభవం మీదే.

ముందు నానీ సంగతి. ఆచార్య ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన ప్రక్రియ ఇది. నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. పద్యాల్లో లాగా గణాలు తెలియనక్కర్లేదు, యతి ప్రాసల బెడద లేదు, బస్సులో నిలబడి కూడా రాయొచ్చు. మా మొదటి నెలంతా నానీలే. వాటిలో సగానికి పైగా ఇలాంటివి:

అమ్మంటే
నడిచే దేవత
ఆమె లేనిదే
జీవితమే లేదు

లెక్క చూస్తే సరిగ్గా 20 అక్షరాలు. రాసినవాళ్ళ మనసులో ఉన్నది నిజమైన ప్రేమే, ఆ మాటలో నాకు అనుమానం లేదు. కానీ ఇందులో వాళ్ళమ్మ ఎక్కడుంది? ఆమె వంటింట్లో ఎటు తిరిగి నిలబడుతుంది, కోపమొస్తే ఏ గిన్నె గట్టిగా పెడుతుంది, ఏమీ తెలియదు. ఎవరి అమ్మకైనా సరిపోతుంది ఈ నానీ. అదే గుంపులో ఇంకొకాయన రాసింది చూడండి:

సముద్రం
ఎదురుగానే ఉంది
దాహానికి
ట్యాంకరు రావాలి

ఇదీ 20 అక్షరాలే. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, వీధి వీధినా బిందెలు వరస కట్టిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది చదవగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన ఆ బిందెలు మోసినవాడు. పైగా అంతకు ముందు చాలా ఏళ్ళుగా రాస్తున్నవాడు.

నానీతో నాకున్న ఇబ్బంది ఇదే. మంచి నానీ రాయాలంటే ఏం తీసేయాలో తెలియాలి. కొత్తవాళ్ళకి ఇంకా తీసేయడానికే చేతిలో ఏమీ ఉండదు. 20 అక్షరాలు నిండగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, పెట్టగానే పదిమంది గుండె గుర్తు నొక్కుతారు, మరుసటి వారం మళ్ళీ "నాన్నంటే" అని మొదలవుతుంది. లోపం ఎక్కడుందో ఆ రచన వాళ్ళకి చూపించదు.

కార్డు కథ అలా కాదు, ఎక్కడ తేలిపోయిందో అక్కడే పట్టిస్తుంది. పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. ఆ చోటులో పట్టేంత కథ రాయడం తెలుగు వారపత్రికలు చదివినవాళ్ళకి పాత అలవాటే. ఇప్పుడు దాన్నే "100 పదాల కథ" అంటున్నారు. పేరు మారినా పని అదే: ఒక మనిషి ఉండాలి, ఏదో జరగాలి, చివరికి కొంచెమైనా మారాలి. మా గుంపులో ఒకావిడ, అంతకు ముందు ఎన్నడూ ఏదీ రాయనావిడ, మూడో ప్రయత్నంలో రాసిన కథ ఇది:

"పూలమ్మ చెయ్యి విరిగింది. వారం రోజులు ఆమె కూతురు కొట్టులో కూర్చుంది. పదేళ్ళ పిల్ల మూర చిన్నది కదా, అందరూ మొదట గొణిగారు. ఆ పిల్ల ప్రతి మూరకూ బెత్తెడు ఎక్కువ వేసింది. ఎనిమిదో రోజు పూలమ్మ తిరిగొచ్చింది, తన మూర కొలిచింది. నేను బెత్తెడు కోసం చెయ్యి చాపే ఉంచాను."

37 పదాలు. మొదటిసారి రాసినప్పుడు ఇందులో "ఆ చిన్నారి నిజాయితీ చూసి నా కళ్ళు చెమర్చాయి" అన్న వాక్యం ఉండేది. రెండోసారి అది పోయింది, కానీ ముగింపు లేదు. ఎవరో అడిగారు, "పూలమ్మ వచ్చాక మీరేం చేశారు?" అని. ఆవిడ కాసేపు ఆలోచించి చివరి వాక్యం రాసింది. ఆ ప్రశ్న అడగడానికి వీలున్నది కథలోనే. "తర్వాత ఏమైంది? ఆయన ఎందుకలా అన్నాడు?" అని ఎవరైనా అడగొచ్చు, సాహిత్యం చదవనివాళ్ళు కూడా. నానీ చదివి "బాగుంది" అంటారు, అంతకు మించి ఏం అనాలో చాలామందికి తెలియదు. నేర్చుకునేవాళ్ళకి ఆ ప్రశ్నలే పెద్ద ఆసరా.

పదాల లెక్క దగ్గర ఒక జాగ్రత్త. 100 పదాలన్న హద్దు ఇంగ్లీషు నుంచి వచ్చింది. తెలుగులో మాట మాటకు అతుక్కుని పెరుగుతుంది. "వెళ్ళిపోయాడనుకున్నాను" మనకు ఒక్క పదం, ఇంగ్లీషులో అదే చెప్పడానికి ఐదారు పదాలు కావాలి. అంటే తెలుగులో 100 పదాలంటే చాలా చోటు, కథ సాగదీసే ప్రమాదం ఉంది. మేము 60 పదాలు హద్దు పెట్టుకున్నాం. కొత్తవాళ్ళకీ అదే చెబుతాను.

కార్డు కథకి ఇంకో మేలు ఉంది, అది చెన్నైలో పెరిగిన మన పిల్లలకి బాగా పనికొస్తుంది. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా బడిలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, నాకూ ఆ భాషంటే ఇష్టం. అయితే తెలుగు నోటికే తప్ప చేతికి రాని పిల్లలు ఇక్కడ ఇంటింటికీ ఉన్నారు. వాళ్ళు ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు అవే పడతాయి. ఒత్తులు, దీర్ఘాలు కొన్ని తప్పుతాయి, వాటిని ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని దిద్దొచ్చు. కథ నోటితో చెప్పేది కాబట్టి ఆ దారిలో సులువుగా వస్తుంది. మాటల క్రమం వాళ్ళ ఇంటి మాటల్లోంచే వస్తుంది. ఇలా దిద్దుకుంటూ దిద్దుకుంటూ ఆరు నెలల్లో తెలుగు చదవడం వచ్చేసిన ఒక కుర్రాడు మా గుంపులో ఉన్నాడు. వాడి సంగతి చెప్పాల్సి వస్తే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది నాకు.

హైకూ మీద నాకు గౌరవం ఎక్కువ, కొత్తవాళ్ళకి సలహాగా ఇవ్వడానికి ధైర్యం తక్కువ. జపనీయులు 5, 7, 5 అని లెక్కపెట్టేది మన అక్షరాల్లాంటివి కావు, మాత్రలకి (హ్రస్వం పలికేంత కాలానికి) దగ్గరగా ఉంటాయి. తెలుగులో ఆ లెక్క పట్టుకుని కుస్తీ పడేకన్నా, కంటికి కనిపించిన ఒక్క దృశ్యాన్ని మూడు పాదాల్లో పెట్టి ఊరుకోవడం మంచిది:

మాంబళంలో రైలు ఆగింది
ఎక్కిన మల్లెల బుట్ట
ఎవరూ మాట్లాడటం లేదు

ఊరుకోవడమే కష్టం. నాలుగో పాదంలో అర్థం చెప్పేయాలని చెయ్యి లాగుతుంది. రోజుకి పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు దీన్ని కార్డు కథతో పాటు రాసుకోవచ్చు, చూపు పదునవుతుంది.

ఆటవెలది పద్యం చాలామందిని భయపెడుతుంది. భయపడాల్సినంత లేదు. వేమన పద్యాలు చిన్నప్పుడు వల్లె వేసినవాళ్ళ చెవిలో ఆ నడక ఇప్పటికే ఉంది. గణమంటే గురువు (బరువుగా పలికే అక్షరం), లఘువు (తేలికగా పలికే అక్షరం) కలిసిన చిన్న గుంపు; సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు కాస్త పెద్దవి. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస (పాదాల రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు. నేను అభ్యాసానికి రాసుకున్న సగం పద్యం:

వాన వచ్చినపుడు వాకిట నిలిచితి
పిల్లవాడు పడవ పెట్టె నీట

మొదటి పాదంలో వా, వా కలిశాయి. రెండో దాంట్లో పి, పె. ఈ రెండు పాదాలకి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఎంత ఆనందమో చెప్పలేను. పద్యం మీద మనసున్నవాళ్ళకి ఇంతకు మించిన అభ్యాసం లేదు, ఒక్కో మాటకీ నాలుగు పర్యాయపదాలు వెతకాల్సి వస్తుంది. కానీ మా ఇంటి పక్క అమ్మాయిలాగా అక్షరాలే ఇప్పుడు కూడబలుక్కుంటున్నవాళ్ళకి గురు లఘువుల గోల మొదటి రోజే పెడితే టెన్షన్ పడి పారిపోతారు. ఒక ఏడాది ఆగొచ్చు.

గొలుసు కథ గురించి రెండు మాటలు చాలు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకోవడం సరదాగానే ఉంటుంది, గుంపులో స్నేహం కుదురుతుంది. రచనగా చూస్తే మాత్రం నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు కథలో కారు ప్రమాదం పెట్టేస్తారు.

ఇక ఫోటో వ్యాఖ్య. దీన్ని చిన్నచూపు చూడకండి. 1947 జూలైలో ఈ మద్రాసు నుంచే తెలుగు, తమిళ భాషల్లో మొదలైన చందమామ చదివినవాళ్ళకి గుర్తుంటుంది: రెండు ఫోటోలు వేసి, రెండింటికీ జత కుదిరేలా వ్యాఖ్యలు రాసి పంపమనేవారు. నాలుగైదు మాటలే. ఒక ఫోటోకి రాయడం తేలిక, రెండోదాన్ని మొదటిదానికి ముడి వేయడంలోనే తెలివంతా ఉంది. ఈ రోజున ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టి కింద రాసేవాళ్ళు ఆ రెండు ఫోటోల పద్ధతి ఒకసారి పట్టి చూడండి. కథ రాయడానికి జంకేవాళ్ళని నేను ముందు దీనికే కూర్చోబెడతాను. రెండు ఫోటోల మధ్య ముడి దొరికిందంటే కార్డు కథ సగం దొరికినట్టే.

ఎక్కడ పెట్టాలి అన్నదానికీ దీనికీ సంబంధం ఉంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) మామూలు ఖాతాకి 280 అక్షరాల హద్దు. కానీ అక్కడి లెక్క వేరు: నానీలో "స్త్రీ" ఒక్క అక్షరం, యంత్రానికి అది ఆరు. సకారం, రెండు పొల్లు గుర్తులు, తకారం, రకారం, దీర్ఘం, అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. నానీ, హైకూ ఆ హద్దులో హాయిగా ఇముడుతాయి, కార్డు కథకి ఇరుకు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద 2,200 దాకా రాయొచ్చు, కథకి అది బాగుంటుంది. బెంగళూరు నుంచి నడిచే ప్రతిలిపి అనే కథల యాప్‌లో తెలుగు పాఠకులు ఉన్నారు, పది కథలు పోగయ్యాక అక్కడికి వెళ్ళొచ్చు. మొదటి రెండు మూడు నెలలు మాత్రం తెలిసిన ఐదారుగురికే పంపుకోండి. గుండె గుర్తులు కాకుండా ప్రశ్నలు వచ్చే చోటే ఉండండి.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, నానీ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ అమ్మమ్మ గురించి 60 పదాల్లో ఒక కథ చెప్పు అన్నాను. "రాయడమా అక్కా, చెప్పడమా?" అంది. చెప్పమన్నాను. సాయంత్రానికి వచ్చింది. నెల్లూరు నుంచి పెళ్ళై వచ్చిన అమ్మమ్మ, తమిళం రాక, తొలి ఏడంతా కూరగాయల బండి దగ్గర వేలు పెట్టి చూపించి కొనేదట. ఒక రోజు వేలు చూపించకుండా "కత్తరిక్కాయ్" అంది. బండివాడు నవ్వి, "వంకాయలమ్మా" అన్నాడు. 72 పదాలు ఉంది. బండివాడు నవ్వినప్పుడు అమ్మమ్మ ఏం చేసిందని అడిగాను. కనుక్కుని చెబుతానంది.