హేవ్‌లాక్‌లో స్కూబా: మా బావని వద్దన్న షాపే నాకు నచ్చింది

అండమాన్ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో డైవ్ చేయడం) డబ్బులు ప్యాకేజీ ఏజెంటుకి కట్టకండి. హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్లి, షాపు చూసి, అక్కడివాళ్లతో మాట్లాడాకే కట్టండి.

హైదరాబాద్ నుంచి విమానం, పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, ఫెర్రీ అన్నీ సాఫీగా జరిగాయి. రూము రోజుకి 3,200, ఏసీ బాగుంది, వేడినీళ్లు లేవు. గొడవంతా స్కూబా దగ్గరే.

ఏజెంటు మనిషికి 4,500 చొప్పున నలుగురికీ ముందే కట్టించుకున్నాడు. పొద్దున్నే షాపుకి వెళ్తే ఒక కుర్రాడు ఫారాలిచ్చి సంతకాలు పెట్టమన్నాడు. ఆరోగ్యం గురించి అడిగినవాటన్నిటికీ 'లేదు' అని ముందే టిక్కులు పెట్టేసి ఉన్నాయి. వయసు 45 దాటిందా? లేదు. బీపీ? లేదు. మా బావకి 52, రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడు. అక్క ఆ మాట అంటే కుర్రాడు, "ఐదారు మీటర్లే మేడమ్, ఏం కాదు. ఉందని రాస్తే తీసుకెళ్లం" అన్నాడు హిందీలో.

ఈ "ఐదారు మీటర్లే" అన్నమాటే నన్ను మండించింది. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి నీటి ఒత్తిడి తగ్గి రెట్టింపు సైజుకి ఉబ్బుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొస్తే మీటరు, మీటరున్నర నుంచైనా ఊపిరితిత్తులు చిట్లొచ్చు. ఆ గాలి రక్తంలో కలిసి మెదడుకి చేరితే ప్రాణం మీదికే. ఇక బీపీ సంగతి. నీళ్లలో దిగగానే కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు చేరి గుండె మీద భారం పెరుగుతుంది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ పరిశోధకులు 947 స్కూబా మరణాలు పరిశీలించి 2008లో ఒక పేపరు వేశారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేలిన కేసుల్లో 41 శాతం సిలిండర్‌లో గాలి చాలకపోవడంతోనే. ప్రాణం మీదికి తెచ్చింది ఏదో తేలినవాటిలో 26 శాతం గుండె సమస్యలు. జనానికేమో సొరచేపలంటే భయం!

సంతకాలు పెట్టకుండా బయటికొచ్చేశాం. బావ మొహం మాడిపోయింది. "ఇంతదూరం వచ్చి ఫారాలు చదువుకోవడమేంట్రా" అన్నాడు.

రెండో షాపులో మనిషికి 6,000, ఫొటోలు అందులోనే. ఖాళీ ఫారం చేతికిచ్చి మమ్మల్నే నింపమన్నారు. బావది చూసి డాక్టర్ సంతకం లేకుండా కుదరదన్నారు. ఎక్కువిస్తానన్నా వినలేదు. మా ముగ్గురినీ ఛాతీలోతు నీళ్లలో ముప్పావుగంట ఉంచారు. నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) తీసి మళ్లీ పెట్టుకోవడం, మాస్కులోకి వచ్చిన నీళ్లు ముక్కుతో ఊది బయటికి పంపడం, ఊపిరి ఎక్కడా ఆపకపోవడం. మా ఆవిడ టెన్షన్‌తో రెండుసార్లు లేచి నిలబడిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ విసుక్కోలేదు. "ఇప్పుడు మానేసినా సగం డబ్బు వెనక్కి ఇస్తాం" అన్నాడు. ఆ మాటతోనే ఆవిడకి ధైర్యం వచ్చినట్టుంది. మనిషికొక ఇన్‌స్ట్రక్టర్. సిలిండర్‌లో గాలి ఎంతుందో చెప్పే గేజ్‌లో ముల్లు 200 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర ఉండగా చూపించి, 50 కంటే ముందే పైకొచ్చేస్తామన్నాడు. నీమో రీఫ్‌లో చేపలు బాగున్నాయి, ఫొటోలు పెడతాను.

బావ అలక మాత్రం ఒక బెంగాలీ హోటల్లో తీరింది. చేపల పులుసు, అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు 250. ఆవాలు నూరి చేసిన పులుసు, రెండుసార్లు వేయించుకున్నాడు.

ఫెర్రీలో కలిసిన రాజమండ్రి జంటకి మా ఏజెంటే ఇంకో ఘనకార్యం చేసిపెట్టాడు. పొద్దున డైవ్, పది గంటలకి ఫెర్రీ, రెండున్నరకి విమానం. ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలి. నీళ్లలో పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్, విమానంలో పైన ఒత్తిడి తగ్గేసరికి బుడగలు కడుతుంది. వాళ్లు డైవే మానుకున్నారు. మీ ప్లాన్‌లో డైవ్‌ని మొదటి రోజుల్లోకి జరిపించండి.

మా 18,000లో ఏజెంటు ఇప్పటికి 8,000 వెనక్కి ఇచ్చాడు. మిగతాదాని కోసం ఫోన్లు చేసే డ్యూటీ బావ తీసుకున్నాడు.