ప్రపంచకప్ చూడ్డానికి ఏ ఊరు మేలు: దోహానా, డల్లాసా, అట్లాంటానా?

మన గోదావరి జిల్లాల వాళ్లకి ఫుట్‌బాల్ ప్రపంచకప్ రెండుసార్లు చేతికందే దూరానికి వచ్చింది. 2022లో ఖతార్‌లో జరిగినప్పుడు రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు కుర్రాళ్లు అక్కడే పనుల్లో ఉన్నారు. 2026లో అమెరికా, కెనడా, మెక్సికోల వంతు వచ్చేసరికి భీమవరం, తణుకు, రాజమండ్రి పిల్లలు డల్లాసులోనో న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో స్థిరపడి ఉన్నారు. రెండిట్లోనూ మన దేశం జట్టు లేదు. అయినా ఆట మీద ప్రేమ ఉన్నవాడికి స్టేడియంలో కూర్చుని ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ చూడాలని ఉంటుంది. అందుకు ఏ ఊరు అనువు, ఏ ఏర్పాటు మేలు? చూసేవాడి కళ్లతో మాత్రమే తేల్చే ప్రశ్న కాదిది. ఆ స్టేడియాలు కట్టే పనికి వెళ్లేవాళ్లు కూడా మన ఊళ్లలోనే ఉన్నారు.

ముందు దోహా సంగతి. ఎనిమిది స్టేడియాలు, 64 మ్యాచులు. ఉత్తరాన అల్ ఖోర్‌లో గుడారం ఆకారంలో ఉన్న అల్ బైత్ నుంచి దక్షిణాన అల్ వక్రాలోని అల్ జనూబ్ దాకా రోడ్డు మీద దాదాపు 75 కిలోమీటర్లు. రాజమండ్రిలో బయల్దేరి కాకినాడ దాటి ఇంకో పది కిలోమీటర్లు పోతే ఎంతో అంత. ప్రపంచకప్ మొత్తం ఆ కొలత లోపలే అయిపోయింది. 2019లో మొదలైన మెట్రో ఐదు స్టేడియాల పక్కకే తీసుకెళ్లేది. మిగతా మూడింటికి స్టేషన్ దగ్గర దిగితే బస్సులు. మ్యాచ్ చూడ్డానికి వచ్చినవాళ్లకి ఇచ్చిన హయ్యా కార్డు చూపిస్తే ఛార్జీ లేదు. లీగ్ దశలో ఒకే రోజు రెండు మ్యాచులు చూసినవాళ్లు ఉన్నారు.

మా చిన్నాన్న కొడుకు అక్కడ ఏసీ మెకానిక్కు. పగలు డ్యూటీ చేసుకుని, సాయంత్రం ఏడింటికి స్టేడియం 974లో బ్రెజిల్, స్విట్జర్లాండ్ మ్యాచ్ చూశాడు. ఓడల మీద వచ్చే కంటైనర్లతో కట్టిన స్టేడియం అది. సరిగ్గా 974 కంటైనర్లు, ఖతార్ ఫోన్ కోడు కూడా అదే అంకె. ఎరుపు, పసుపు, నీలం, నలుపు పెట్టెలు ఉక్కు చట్రంలో పేర్చి ఉంటాయి. టాయిలెట్లూ తినుబండారాల కొట్లూ ఆ పెట్టెల్లోనే. ఏసీ లేదు, సముద్రం గాలే దిక్కు. అందుకే అక్కడ మ్యాచులన్నీ పొద్దుగూకాకే పెట్టారు. ఎనభై మూడో నిమిషంలో కాసెమిరో గోల్ కొట్టినప్పటి సంగతి వాడు ఫోన్లో చెప్పాడు: "అన్నయ్యా, అరుపుల కంటే కాళ్ల చప్పుడే ఎక్కువండి. కిందనంతా ఇనుమే కదా, మొత్తం గుయ్యిమంది." బయటికొచ్చాక దారి పొడవునా ఎత్తు కుర్చీల్లో కుర్రాళ్లు కూర్చుని, చేతికి పెద్ద స్పాంజి వేలు తొడుక్కుని 'మెట్రో? దిస్ వే' అని పాటలా పాడుతూ జనాన్ని మళ్లించారట. రాత్రి పదకొండున్నరకి వాడు రూములో ఉన్నాడు.

ఆ మళ్లింపుని నేను చిన్న విషయంగా తీసుకోను. 2015 పుష్కరాల తొలిరోజు రాజమండ్రిలో ఏం జరిగిందో చూసిన జిల్లా మనది. వేలమంది ఒక చోటుకి వస్తున్నారంటే నా కళ్లు ముందు గేటు వైపే వెళ్తాయి. 2024 జూలైలో మయామీలో కోపా అమెరికా ఫుట్‌బాల్ పోటీల ఫైనల్‌కి జనం గేట్లు తోసుకుని లోపలికొచ్చారు, మ్యాచ్ గంటకు పైగా ఆలస్యమైంది. అదే మయామీ స్టేడియం 2026 జాబితాలోనూ ఉంది. స్టేడియం పెద్దదైనంత మాత్రాన నిర్వహణ మంచిదని అనుకోకూడదు.

దోహాలో టికెట్టు కూడా అందింది. ఖతార్‌లో ఉండేవాళ్లకి విడిగా పెట్టిన నాలుగో కేటగిరీలో లీగ్ మ్యాచ్ ధర 40 రియాళ్లు. అక్కడ కనీస జీతం 1,000 రియాళ్లు. నెల జీతంలో ఇరవై అయిదో వంతు పెడితే నెయ్‌మార్ జట్టునో మెస్సీనో చూడొచ్చు. కూలి డబ్బుతో ప్రపంచకప్ చూసే వీలు మన కోనసీమవాడికి అంతకు ముందు రాలేదు, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. చూసేవాడి వైపు నుంచి దోహాకి నేను నిండు మార్కులు వేస్తాను.

కట్టినవాడి వైపు నుంచి మాత్రం వెయ్యలేను. ఎనిమిదింటిలో పాతది ఖలీఫా ఒక్కటే, 1976 నాటిది. మిగతా ఏడూ కొత్తగా లేపారు. వాటితోపాటు మెట్రో, రోడ్లు, హోటళ్లు, లుసైల్ అనే ఊరికి ఊరే. ప్రపంచకప్‌కి సంబంధించిన పనుల్లో 400 నుంచి 500 మంది దాకా చనిపోయి ఉంటారని నిర్వాహక కమిటీ పెద్దే 2022లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. వేసవి ఎండకి భయపడి ఆటగాళ్ల కోసం పోటీలను నవంబరుకి జరిపారు. కట్టినవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఆ వేసవుల్లోనే పనిచేశారు. కూలీని యజమానికి కట్టిపడేసే కఫాలా కట్టుబాట్లు సడలించింది 2020లో. అప్పటికి పునాదులూ గోడలూ చాలావరకు అయిపోయాయి. పోటీలయ్యాక విప్పేస్తామన్న 974 స్టేడియంలో 2024 డిసెంబరులో కూడా మ్యాచులు ఆడారు. దానికి నేను సంతోషించాను, ఇనుము ఊరికే తుప్పు పట్టడం కంటే అదే నయం.

ఇక 2026. 48 జట్లు, 104 మ్యాచులు, 16 నగరాలు. జూన్ 11న మెక్సికో సిటీలో మొదలై జూలై 19న న్యూజెర్సీలో ముగుస్తుంది. వాంకూవర్ నుంచి మయామీకి విమానంలోనే అయిదారు గంటలు పడుతుంది. ఒక జట్టు వెంట ఊరూరూ తిరగడం మామూలు మనిషికి అయ్యే పని కాదు. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది, ఈ పోటీ కోసం ప్రత్యేకంగా ఒక్క స్టేడియం కూడా కొత్తగా కట్టలేదు. ఉన్నవాటికే మెరుగులు దిద్దారు. అమెరికా వాటిల్లో చాలావరకు చేత్తో బంతి పట్టుకుని ఆడే వాళ్ల సొంత ఫుట్‌బాల్ మైదానాలు, కొన్నిట్లో నేల మీద ప్లాస్టిక్ గడ్డి. ప్రపంచకప్‌కి అసలు గడ్డే ఉండాలని ఫిఫా నిబంధన. అందుకని వేరే పొలాల్లో పెంచిన గడ్డిని చాపలుగా కోసి, చుట్టి, చల్లటి లారీల్లో తెచ్చి పరుస్తారు. కడియం నర్సరీల్లో లాన్ గడ్డి చుట్టలు లారీకెక్కించడం చూసినవాళ్లకి ఈ పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. కాకపోతే అక్కడ పైకప్పు మూసి ఉంటే ఎండ తగలదు కనుక, దీపాల వెలుగులో దాన్ని బతికించాలి. టెనెస్సీ, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఈ ఒక్క విషయం మీదే ఏళ్లుగా పనిచేశారు.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి పదహారు నగరాల గొడవ అక్కర్లేదు. మూడు చోట్లు పోల్చుకుంటే చాలు.

డల్లాసులో మ్యాచులు ఎక్కువ. అన్ని నగరాలకన్నా ఎక్కువగా తొమ్మిది, అందులో ఒక సెమీఫైనల్. పైకప్పు మూసేస్తారు, లోపల చల్లగా ఉంటుంది. నాలుగు గంటలు కారులో వెళ్తే హ్యూస్టన్, అక్కడ ఇంకో ఏడు మ్యాచులు, అదీ కప్పున్న స్టేడియమే. ఇబ్బంది ఏమిటంటే స్టేడియం డల్లాసులో లేదు, ఆర్లింగ్టన్‌లో ఉంది. ఆ ఊళ్లో మన ఆర్టీసీ లాంటి రూటు బస్సులే లేవు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉండే అబ్బాయి సెలవు పెట్టి తీసుకెళ్తే వెళ్లాలి, లేదా పోటీ రోజుల్లో వేసే ప్రత్యేక బస్సుల మీద ఆధారపడాలి. అరవై దాటినవాళ్లు కారు ఆపిన చోటు నుంచి ఎండలో నడవడం ఎంత కష్టమో టెక్సాస్ జూన్ చూసినవాళ్లకి తెలుసు.

న్యూజెర్సీలో రైలుంది. ఎడిసన్‌లో ఎక్కి సికాకస్‌లో మారితే స్టేడియం దగ్గర దించుతారు. అదే లైను మీద కిందికి వెళ్తే ఫిలడెల్ఫియా, అక్కడా ఆరు మ్యాచులు. ఇక్కడివి ఎనిమిది, అందులో ఫైనల్. కాకపోతే ఈ స్టేడియానికి కప్పు లేదు. ఫైనల్ మొదలయ్యేది జూలైలో మధ్యాహ్నం మూడింటికి. ఎండ సరే, పిడుగుల సంగతి కూడా ఉంది. ఎనిమిది మైళ్ల లోపు మెరుపు కనిపిస్తే ఆట ఆపి అరగంట ఆగాలన్నది అక్కడి పద్ధతి, ఆ అరగంటలో మళ్లీ మెరిస్తే లెక్క మొదటికొస్తుంది. 2025 క్లబ్ ప్రపంచకప్‌లో చెల్సీ, బెన్ఫికా మ్యాచ్ షార్లట్‌లో ఇలాగే రెండు గంటలు నిలిచిపోయింది.

అట్లాంటాకి పేరు తక్కువ, సుఖం ఎక్కువ. 2017లో తెరిచిన స్టేడియం. ఎనిమిది రేకులు పువ్వు ముడుచుకున్నట్టు మూసుకునే పైకప్పు, లోపల ఏసీ. ఎనిమిది మ్యాచులు, ఒక సెమీఫైనల్. ఆల్ఫరెటా, కమ్మింగ్ వైపు ఉండే తెలుగువాళ్లు నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌లో కారు పెట్టి మార్టా రైలెక్కితే, మధ్యలో ఒక్కసారి మారి స్టేడియం గుమ్మం దగ్గరే దిగుతారు. లోపల తిండి ధరలు తక్కువగా ఉంచడంలో ఆ స్టేడియానికి మొదటి నుంచీ మంచి పేరుంది. ప్రపంచకప్ రోజుల్లో అదే ధర ఉంటుందనుకుని మాత్రం వెళ్లకండి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రుల్ని ఎక్కడికి తీసుకెళ్లమంటారని నన్నడిగితే రెండో మాట లేకుండా అట్లాంటా అంటాను. ఫైనలే చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు న్యూజెర్సీ వెళ్లండి, గొడుగు లోపలికి రానివ్వరు కనుక టోపీ మర్చిపోవద్దు.

వీసా గురించి ఒక మాట. అమెరికా వీసా చేతిలో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లు మాంటెరీ వెళ్లి ఒక మ్యాచ్ చూసి రావొచ్చు. తిరిగి అమెరికాలో అడుగు పెట్టడానికి వీసా గడువు, ఐ-94 కాగితం (దేశంలోకి వచ్చిన నమోదు) ముందే సరిచూసుకోండి. కెనడాకి మాత్రం విడిగా వీసా తీసుకోవాల్సిందే.

టికెట్టు దగ్గరికొచ్చేసరికి అమెరికా ఓడిపోతుంది. మొదట ప్రకటించిన ధరలు లీగ్ మ్యాచ్‌కి 60 డాలర్ల దగ్గర మొదలై ఫైనల్‌కి 6,730 డాలర్ల దాకా ఉన్నాయి. పై ధర మన డబ్బులో దాదాపు ఆరు లక్షలు. పైగా గిరాకీని బట్టి రేటు మారే పద్ధతిని ప్రపంచకప్‌లో మొదటిసారి పెట్టారు. 60 డాలర్ల టికెట్లు ఎంతమందికి దొరుకుతాయన్నది వేరే మాట. ఊళ్లో ఉండేవాడికి విడిగా ఒక ధర పెట్టిన ఖతార్ పద్ధతిని ఇక్కడ తీసుకోకపోవడం నాకు బాధ కలిగించింది. ఆర్లింగ్టన్‌లో హోటలు గదులు తుడిచే మనిషికి ఆ స్టేడియంలోకి దారి లేదు.

ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్ల మాటేమిటి? దోహా సమయాలు మనకి బంగారం: మధ్యాహ్నం మూడున్నర, సాయంత్రం ఆరున్నర, రాత్రి తొమ్మిదిన్నర, పన్నెండున్నర. ఫైనల్ రాత్రి ఎనిమిదిన్నరకే మొదలైంది, అర్జెంటీనా, ఫ్రాన్సుల పెనాల్టీలు ఇంటిల్లిపాదీ మేలుకునే చూశారు. 2026లో తొమ్మిదిన్నర మ్యాచులు కొన్నే. ఎక్కువవి అర్ధరాత్రి పన్నెండున్నర, తెల్లవారుజామున మూడున్నర, పొద్దున్న ఆరున్నర. ఫైనల్ మన లెక్కలో జూలై 19 రాత్రి దాటాక, అర్ధరాత్రి పన్నెండున్నరకి. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లకి మాత్రం ఇది కలిసొచ్చింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి ఏరేటర్ల దగ్గర ఎలాగూ మేలుకునే ఉంటారు.

మన దగ్గర ఏముందని అడిగేవాళ్లుంటారు. 2017లో భారత్‌లో జరిగిన అండర్-17 ప్రపంచకప్ ఆరు నగరాల్లో ఆడారు, 13 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆ ఆరింటిలో తెలుగు ఊరు లేదు. 2022లో అమ్మాయిల అండర్-17 పోటీలు మూడు నగరాల్లో జరిగితే మన అమ్మాయిల మ్యాచులన్నీ భువనేశ్వర్‌లోనే, రాజమండ్రి నుంచి రాత్రి రైలు దూరం. మనకి దగ్గరైన అంతర్జాతీయ మైదానం గచ్చిబౌలిది. దానికి పెట్టింది మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా చేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ అక్కడే జరిగింది. భారత్, మారిషస్, సిరియా ఆడితే కప్పు సిరియా పట్టుకెళ్లింది. కాకినాడలో గౌతమి ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. డెల్టా కుర్రాడు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ చూడాలంటే పై పోలికలన్నిటికంటే ఇదే మేలు.

అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది 2034 గురించి. సౌదీలో 15 స్టేడియాలు, అయిదు నగరాలు, అందులో ఎనిమిది రియాద్‌లోనే. ఎక్కువ భాగం కొత్తగా కట్టాల్సినవే. కొత్తగా తలపెట్టిన నియోమ్ నగరంలోదైతే నేల మీద నుంచి 350 మీటర్ల ఎత్తున కడతామని మొదట ప్రకటించారు. రియాద్ వరకు దోహాలాగే దగ్గర దగ్గర స్టేడియాలు, అంతటా దోహాలాగే వలస కూలీల చేతులు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. సౌదీలో ఆ నిషేధం జూన్ 15న మొదలవుతుంది, రోజుకి పన్నెండు నుంచి మూడు వరకే. ఎత్తు మీద పని, తక్కువ విరామం. ఏజెంటు దగ్గర సంతకం పెట్టేముందు ఈ గంటల సంగతి అడగండి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటో కాదో చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సినది) మీద వెళ్లేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు. ఆ పాలసీ కాగితం జిరాక్సు ఒకటి ఇంట్లో భార్య దగ్గరో అమ్మ దగ్గరో ఉంచి విమానం ఎక్కండి.