చెరి సగం రహస్యం: 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ఏ డిస్కులో చూడాలి?

సెర్జియో లియోనే దర్శకత్వంలో 1966లో ఇటలీలో విడుదలైన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' డిస్కు కొనదలచినవారు 161 నిమిషాల కూర్పు తీసుకోవాలా, 179 నిమిషాలదా అన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. నేను రెండూ చూశాను. మొదటిసారి చూసేవారికి చిన్నదే మేలు. అయితే దాదాపు అరవై ఏళ్ల నాటి సినిమాకు ఇవాళ డబ్బు పెట్టడం ఎందుకన్న ప్రశ్నకు ముందు సమాధానం చెప్పాలి.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో రెండు లక్షల డాలర్ల విలువైన బంగారాన్ని ఎవరో ఒక సమాధిలో దాచారు. టూకో అనే బందిపోటుకు ఆ శ్మశానం పేరు తెలుసు, బ్లాండీ అనే మరొకడికి ఆ సమాధి మీద రాసి ఉన్న పేరు తెలుసు. చుక్క నీళ్లివ్వకుండా బ్లాండీని ఎండలో ఎడారి వెంట నడిపించి చంపబోయిన టూకోయే, ఆ పేరు అతనికి తెలిసిందన్న మరుక్షణం నుంచి చచ్చిపోవద్దని బతిమాలుతూ సొంత తమ్ముడికి చేసినట్టు సేవలు చేస్తాడు. చిత్రం అసలు పట్టు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తుపాకులూ గుర్రాలూ కౌబాయ్ చిత్రాలన్నిటిలోనూ ఉంటాయి. ఒకరినొకరు చంపుకోవాలని ఉన్నా చంపుకుంటే నష్టపోయే ఇద్దరిని పక్కపక్కన నడిపించి, ఆ లెక్కలోంచే హాస్యాన్నీ అనుమానాన్నీ, అక్కడక్కడా స్నేహం లాంటి దాన్నీ పుట్టించడం లియోనే చేసిన పని.

పోస్టర్ మీద బ్లాండీగా నటించిన క్లింట్ ఈస్ట్‌వుడ్ ఉంటాడు గానీ సినిమా మాత్రం టూకోగా నటించిన ఈలై వాలక్‌దే. ఈస్ట్‌వుడ్ నోట్లో చుట్ట పెట్టుకుని పొదుపుగా మాట్లాడుతుంటే, వాలక్ తిడతాడు, ఏడుస్తాడు, అబద్ధాలాడతాడు, హడావిడిగా శిలువ గుర్తు వేసుకుంటాడు. తుపాకుల దుకాణంలోని దృశ్యం చూడండి. అతను రివాల్వర్లను ఒక్కొక్కటిగా విప్పి, ఒకదాని గొట్టంలోంచి కన్ను పెట్టి చూసి, మరొకదాని చక్రాన్ని చెవి దగ్గర తిప్పి ఆ టిక్‌టిక్ శబ్దం విని, నచ్చిన భాగాలతో తనకో కొత్త తుపాకీ కూర్చుకుంటాడు. ఆ పనితనాన్ని నోరెళ్లబెట్టి చూస్తున్న ముసలి యజమానినే చివరికి దానితో దోచుకుంటాడు.

దాన్ని మించిన దృశ్యం మఠంలో వస్తుంది. ఏళ్ల తరువాత కలిసిన అన్న, అతనొక మతగురువు, టూకోను ఈసడించుకుంటాడు. మాటలు ముదిరి చేతుల దాకా వస్తాయి. బయటికి వచ్చి బండెక్కిన టూకో, తన అన్నకు తానంటే ప్రాణమనీ, కడుపునిండా పెట్టి పంపాడనీ గొప్పలు చెప్పుకుంటాడు. జరిగిందంతా చాటుగా చూసిన బ్లాండీ ఆ అబద్ధాన్ని బయటపెట్టడు. భోజనం తరువాత చుట్ట బాగుంటుందంటూ తన నోట్లోది తీసి అందిస్తాడు.

సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే నక్క జాతికి చెందిన కయోటీ ఊళను పోలిన ఒకే స్వరాన్ని మూడు ప్రధాన పాత్రలకూ పంచాడు. బ్లాండీకి వేణువు, లీ వాన్ క్లీఫ్ పోషించిన కిరాయి హంతకుడికి ఒకరీనా అనే మట్టి పిల్లనగ్రోవి, టూకోకు మనిషి గొంతు. శ్మశానం చేరిన టూకో సమాధుల మధ్య వెర్రిగా పరుగెత్తేటప్పుడు గాయని ఎడ్డా డెల్ ఓర్సో గొంతు పైపైకి లేస్తుంటే, కెమెరా తిరిగి తిరిగి సమాధులన్నీ గీతలైపోతాయి. స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో ఆ దేశపు సైనికుల చేత వేలకొద్దీ ఉత్తుత్తి సమాధులు కట్టించి తీసిన సన్నివేశమిది.

లోపాలు లేకపోలేదు. వంతెన ఘట్టానికి ముందు యుద్ధ శిబిరంలో కథ బాగా నెమ్మదిస్తుంది, హంతకుడు చాలాసేపు కనబడకుండా పోతాడు, స్త్రీ పాత్రలు నామమాత్రం. చిత్రీకరణలో ఎవరి భాషలో వారు మాట్లాడి తరువాత గొంతులు అద్దడం వల్ల పెదవులకూ మాటలకూ పొంతన కుదరదు; డబ్బింగ్ చిత్రాలు చూస్తూ పెరిగిన మనకు ఇదేమంత ఇబ్బంది కాదు. 1971లో కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' చూసినవారికి, ఆ టోపీల, ఆ నిధి వేట మూలాలు ఎక్కడివో ఇందులో కనిపిస్తాయి.

ఇక డిస్కు సంగతి. పెద్ద కూర్పులో తిరిగి చేర్చిన దృశ్యాలకు ఈస్ట్‌వుడ్, వాలక్ 2003 ప్రాంతంలో మళ్లీ గొంతు ఇచ్చారు. అందువల్ల ఎడారి మధ్యలో టూకో ఒక్కసారిగా ముసలివాడైనట్టు వినిపిస్తుంది. 1989లో మరణించిన వాన్ క్లీఫ్‌కు వేరొకరి గొంతు వాడారు. శబ్దం విషయంలో పాత మోనో (ఒకే చానెల్) ట్రాక్ ఉన్న డిస్కునే వెతకండి, చుట్టూ స్పీకర్లలో వినిపించే 5.1 ట్రాక్‌లో తుపాకీ చప్పుళ్లు కొత్తవి. 2014 నాటి పునరుద్ధరణతో వచ్చిన బ్లూ-రేలో ఆకాశం కూడా పసుపు పూసినట్టుంటుంది, 2021లో వచ్చిన 4కె డిస్కులో ఆ దోషాన్ని సరిదిద్దారు. నేను ఒక అమ్మకందారు దగ్గర మొదట కొన్న బ్లూ-రే అమెరికా రీజియన్‌ది, అంటే అక్కడి ప్లేయర్లలోనే ఆడేలా చేసినది, కావడంతో మా ప్లేయర్ దాన్ని చదవనే లేదు. మన దేశానికి రీజియన్ సి, అమెరికాకు ఎ. అట్ట వెనుక ఆ గుర్తు చూసుకుని కొనండి. 4కె డిస్కులకు ఈ బెడద లేదు, కాకపోతే వాటికి తగిన ప్లేయర్ ఉండాలి.