బస్టాండు దగ్గర అడుగుల వాచీ కొనేవాళ్ళు జాగ్రత్త

షాపు నుంచి వచ్చి గంట కూడా కాలేదు, కోపం దిగడం లేదు. తిరుపతి బస్టాండు దగ్గర ఫోన్ సామాన్ల షాపులు మీకందరికీ తెలిసినవే. అక్కడే మా నాయనకు 1,800 పెట్టి అడుగులు లెక్కపెట్టే వాచీ కొన్నాను. ఆయనకు షుగర్. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవమన్నారు డాక్టరు.

మూడు వారాలు నాయన రోజూ రాత్రి ఆ నంబరు డైరీలో రాసుకున్నాడు. మధ్యాహ్నానికే ఎనిమిది వేలు దాటేది. దాంతో సాయంత్రం ప్రకాశం పార్కుకు పోవడం మానేశాడు. "అయిపోయింది కదరా, వాచీనే చెప్తోంది" అనేవాడు. నేనూ సంతోషపడ్డాను. నిన్న పరగడుపున చూపిస్తే షుగర్ 168. అంతకుముందు 141 ఉండేది.

అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. రాత్రి వాచీ విప్పించి టీవీ పక్కన పెట్టి, భోంచేసి వచ్చి చూస్తే 340 అడుగులు పెరిగి ఉన్నాయి! చేతికి లేకపోయినా నాడి 78 అని చూపిస్తోంది. మంచి వాచీలూ కొంత తప్పుతాయి, కాదనను. లోపలి యాక్సిలరోమీటర్ చేతి కదలికను బట్టే అడుగును పసిగడుతుంది. అలిపిరి మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఎక్కితే కొన్ని వదిలేయొచ్చు, ఘాట్ రోడ్డులో బస్సు కుదుపులకు కొన్ని కలిపేయొచ్చు. కదలకుండా పడున్న వాచీకి అడుగులెక్కడివి?

పొద్దున నాయనను వెంటబెట్టుకుని పోయాను. షాపతను వాచీని గట్టిగా ఊపి, "నంబర్ పెరుగుతోంది కదా, బాగానే ఉంది" అన్నాడు. బల్ల మీద పెట్టి చూడమంటే పెట్టలేదు. నలుగురి ముందు మా నాయనతో "ఈ వయసులో నీకెందుకు పెద్దాయనా ఈ లెక్కలు, ఇంట్లో కూర్చోక" అన్నాడు. నాయన ఒక్క మాట అనలేదు. చూపిద్దామని తెచ్చుకున్న డైరీని మెల్లగా సంచిలో పెట్టేసుకున్నాడు. నేను ఆ మాట మరిచిపోలేను.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే "బిల్లేది?" అన్నాడు. కొన్నరోజు "బిల్లయితే జీఎస్టీ పడుతుంది సార్, ఎందుకు" అన్నదీ అతనే, సరేనని తలూపింది నేనే. అక్కడ తప్పు నాదే, మూడు వారాలు ఆ నంబరును ఒక్కసారైనా సరిచూడకపోవడమూ నా తప్పే.

కొనేముందు అక్కడే కట్టుకుని, నోటితో లెక్కపెడుతూ వంద అడుగులు వేసి చూడండి. తరవాత పది నిమిషాలు బల్ల మీద కదపకుండా పెట్టించండి. ఒప్పుకోకపోతే కొనొద్దు. బిల్లు మాత్రం వదలొద్దు, అది చేతిలో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి గట్టిగా అడగొచ్చు.