మిషిగన్ తీరాల్లో రాళ్ల వేట: ఏ రాయికి ఏ ఒడ్డు, ఎక్కడ బస

మిషిగన్‌లో రాళ్లు ఏరడానికి బయల్దేరేవాళ్లలో చాలామంది ముందు హోటల్ బుక్ చేసి, ఆ తర్వాత దగ్గర్లో ఏ బీచ్ ఉందో వెతుకుతారు. ఈ వరస తిరగేయాలి. ఇంట్లో రాళ్లను బ్యారెల్లో దొర్లించి నునుపు చేసే టంబ్లర్ యంత్రం ఉందా, లేక చేత్తో అరగదీసుకునే ఓపిక ఉందా అన్నదాన్ని బట్టి రాయిని ఎంచుకోవాలి. రాయిని బట్టి తీరం, తీరాన్ని బట్టి బస. మిషిగన్ సరస్సు ఒడ్డున దొరికే మెత్తటి పెటోస్కీ రాయి టంబ్లర్‌కు పనికిరాదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున దొరికే గట్టి రాయి అగేట్ చేత్తో లొంగదు. రెండింటి ఒడ్లకూ మధ్య మూడు గంటల ప్రయాణం, ఒక పెద్ద వంతెన ఉన్నాయి.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వైపు ఉండే తెలుగువాళ్లకు పెటోస్కీ ఊరు నాలుగు గంటల పైచిలుకు దూరం. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. పెటోస్కీ రాయి డెవోనియన్ కాలపు పగడపు శిలాజం, వయసు 35 కోట్ల ఏళ్ల పైమాటే. 1965లో దీన్ని రాష్ట్ర శిలగా ప్రకటించారు. పొడిగా ఉన్నప్పుడు మామూలు బూడిదరంగు సున్నపురాయే. తడిస్తేనే ఆరు పలకల గడులు, మధ్యలో నల్లటి కన్ను తేలతాయి. కాబట్టి నీళ్లు నింపిన స్ప్రే సీసా చేతిలో ఉండాలి, లేదంటే అల తడిపిన అంచు వెంటే నడవాలి. గడులు మరీ చిన్నవిగా, కన్ను లేకుండా ఉంటే అది షార్లవాయ్ రాయి. అదీ పగడమే, జాతి వేరు.

ఇక్కడ బస రెండు రకాలు. పెటోస్కీ స్టేట్ పార్కులో కరెంటు, వేడినీళ్ల స్నానాల గదులు ఉన్నాయి, ఊరు పక్కనే. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఇదే సుఖం. సైట్‌లో కరెంటు ఉంటుంది కనుక రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు. ఈ పార్కు తీరంలో ఇసుక ఎక్కువ, అందుకే వేసవి నడిమధ్యలో రాళ్లు పలుచగా దొరుకుతాయి. షార్లవాయ్ దగ్గరి ఫిషర్‌మన్స్ ఐలండ్ స్టేట్ పార్కులో సంగతి తిరగబడుతుంది: గులకరాళ్ల తీరం మైళ్ల కొద్దీ ఉంది, సౌకర్యాలు మాత్రం లేవు. కరెంటు ఉండదు, గుంట మరుగుదొడ్లే. రాళ్ల కోసమే వెళ్తే ఫిషర్‌మన్స్ ఐలండ్, కుటుంబంతో వెళ్తే పెటోస్కీలో దిగి పగలు ఫిషర్‌మన్స్ ఐలండ్‌కు వచ్చి వెళ్లడం మేలు. స్టేట్ పార్కుల సైట్లు ఆరు నెలల ముందు నుంచి బుకింగ్‌కు తెరుస్తారు. జులై, ఆగస్టు వారాంతాలు కావాలంటే ఆ మొదటి రోజే కూర్చోవాలి. మిషిగన్ నంబరు ప్లేటు లేని కార్లకు ప్రవేశ రుసుము వేరుగా ఉంటుంది.

కాలం కూడా చూసుకోవాలి. శీతాకాలపు మంచు రాళ్లను కదిపి ఒడ్డుకు నెడుతుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో ఎంపిక ఎక్కువ. ఆ తర్వాత గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే.

చట్టం గురించి తేలిగ్గా తీసుకోవద్దు. రాష్ట్ర భూముల్లో సొంతానికి మనిషికి ఏడాదికి 25 పౌండ్ల రాళ్లే తీసుకోవచ్చు. 2015లో మిషిగన్ సరస్సు నుంచి తీసిన 93 పౌండ్ల పెటోస్కీ రాయిని రాష్ట్ర సహజవనరుల శాఖ స్వాధీనం చేసుకుంది. తర్వాత దాన్ని డెట్రాయిట్‌లోని అవుట్‌డోర్ అడ్వెంచర్ సెంటర్లో ప్రదర్శనకు పెట్టారు. ప్రయాణానికి ముందు పిల్లలకు చూపిస్తే ఒడ్డున ఏం వెతకాలో కంటికి అలవాటవుతుంది. స్లీపింగ్ బేర్ డ్యూన్స్, పిక్చర్డ్ రాక్స్ కేంద్ర ప్రభుత్వ తీరాలు. అక్కడ ఒక్క గులకరాయి కూడా తీయకూడదు. ఈ రెంటికీ ఆనుకునే మంచి తీరాలు ఉండటం వల్లే తెలియక తప్పు చేసేవాళ్లు ఎక్కువ. సరిహద్దు బోర్డు చూసుకుని నడవాలి.

స్లీపింగ్ బేర్‌కు పక్కనే ఉన్న లీలండ్‌లో దొరికే నీలిరాయి అసలు రాయే కాదు. 1870 నుంచి 1885 వరకు అక్కడ నడిచిన ఇనుప కొలిమి సరస్సులో పారబోసిన చిట్టెం. అందంగానే ఉంటుంది గానీ లోపలంతా గాలి బుడగలు. టంబ్లర్లో వేస్తే బుడగల్లో ముతక గ్రిట్ (రాళ్లను అరగదీసే పొడి) ఇరుక్కుని చివరి దశ దాకా వస్తుంది, పక్కనున్న రాళ్లన్నిటికీ గీతలు పెడుతుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు దాచుకోవడమే మంచిది. దీనికోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు, దారిలో తగిలితే సరే.

టంబ్లర్ ఉన్నవాళ్లు అగేట్ల కోసం మ్యాకినా వంతెన దాటాలి. సుపీరియర్ సరస్సు దక్షిణపుటొడ్డున, న్యూబెరీకి ఉత్తరాన మస్కలాంజ్ లేక్ స్టేట్ పార్కు ఉంది. ఒకపక్క చిన్న చెరువు, మరోపక్క సుపీరియర్. క్యాంపు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే అగేట్ దొరికే తీరం ఉంది. కరెంటు, స్నానాలగదులు ఉన్నాయి. లేనిది ఫోన్ సిగ్నల్. పెట్రోలు, పాలు, కూరగాయలు న్యూబెరీలోనే తీసుకోవాలి, మళ్లీ 28 మైళ్లు వెనక్కి రావడం ఎందుకు? శాకాహారులకు ఈ ప్రాంతంలో హోటల్ తిండి కష్టమే. ఇక్కడి పేరున్న పేస్టీ అనే కూరిన రొట్టెలో సాధారణంగా గొడ్డుమాంసం ఉంటుంది, అడిగి తీసుకోవాలి.

టెంటు వద్దనుకుంటే గ్రాండ్ మరేలో మోటళ్లు ఉన్నాయి. ఊరు చిన్నది, గదులు తక్కువ, వేసవిలో ముందే నిండిపోతాయి. మస్కలాంజ్ నుంచి గ్రాండ్ మరేకు వెళ్లే దారి కంకర రోడ్డు. వాన పడితే చిన్న కారు నెమ్మదిగా పోనివ్వాలి. ఎక్కడున్నా జులై, ఆగస్టుల్లో దక్షిణపు గాలి వీచిన రోజు ఒడ్డున కుట్టే ఈగలు కాళ్లను వదలవు. ఒంటికి రాసే మందు వాటిని అంతగా ఆపదు, పొడుగు ప్యాంటు, మందపాటి సాక్సులు కావాలి. ఉత్తరపు గాలి తిరిగితే ఈగలు పోతాయి, అలలు పెరుగుతాయి.

అగేట్‌ను పట్టాలంటే సూర్యుడికి ఎదురుగా నడవాలి. వెలుతురు లోపలి నుంచి ఎర్రగా, తేనెరంగులో దాటి వస్తుంది. జాస్పర్ కూడా ఎర్రనే, గట్టిదనమూ అంతే, కానీ వెలుతురు దాటదు. నారింజ రంగు ఫెల్డ్‌స్పార్ కొత్తవాళ్లను బాగా మోసం చేస్తుంది. తిప్పి చూస్తే నున్నటి చదును ముఖం తళుక్కుమంటుంది. అగేట్ విరిగితే చిప్పలా వంపు తిరుగుతుంది, మైనం పూసినట్టుంటుంది, చాకుతో గీత పడదు. చాకుకు గీత పడి, వెనిగర్ చుక్కకు బుసబుసమంటే సున్నపురాయి.

రాత్రి ఇదే తీరాన యూపర్‌లైట్లు వెతకొచ్చు. సోడలైట్ కలిసిన సైనైట్ రాళ్లు, అతినీలలోహిత కాంతిలో నిప్పుకణికల్లా వెలుగుతాయి. 365 నానోమీటర్ల టార్చి, దానికి నల్లటి ఫిల్టర్ అద్దం ఉండాలి. చవగ్గా అమ్మే 395 టార్చి ఊదా వెలుతురు చిమ్మి రాయి వెలుగును మింగేస్తుంది. కళ్లకు యూవీ అద్దాలు మరవద్దు.

ఇంటికొచ్చాక పని. 3 పౌండ్ల బ్యారెల్‌ను మూడింట రెండొంతుల నుంచి ముప్పావు వరకు నింపాలి. తక్కువైతే రాళ్లు జారే బదులు ఎగిరిపడి అంచులకు నెలవంక పగుళ్లు వస్తాయి. రాళ్లు చాలకపోతే సెరామిక్ గుళికలు కలపాలి. చిన్నవీ పెద్దవీ కలిపి వేస్తేనే అరుగుదల సమంగా ఉంటుంది. నీళ్లు పైవరస రాళ్లకు కాస్త కిందిదాకా చాలు. మొదట ముతకదైన 60/90 సిలికాన్ కార్బైడ్ గ్రిట్ 4 పెద్ద చెంచాలు, 7 రోజులు. గుంటలు పోకపోతే కొత్త గ్రిట్‌తో ఇదే దశ మళ్లీ చేయాలి. సుపీరియర్ అగేట్లకు రెండు మూడు విడతలు పట్టడం మామూలే. తర్వాత 120/220 నాలుగు చెంచాలు, 7 రోజులు. ఆపైన 500 గ్రిట్ ఆరు చెంచాలు, చివరగా అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్ ఆరు చెంచాలు, ఒక్కోటి వారం పైన. మెరుపు రాకపోవడానికి కారణం చాలాసార్లు పాలిష్ పొడి కాదు, మూత అంచులో మిగిలిన ముతక గ్రిట్. దశ మారినప్పుడల్లా రాళ్లను, బ్యారెల్‌ను, మూతను పళ్ల బ్రష్‌తో కడగాలి. పగుళ్లున్న రాయిని పక్కన పెట్టేయాలి. బసాల్ట్, గ్రానైట్ అగేట్లతో కలపొద్దు, వాటిలో మెత్తటి ఖనిజాలు ముందు అరిగి గుంటలు పడతాయి.

పెటోస్కీ రాయి గట్టిదనం 3, అగేట్‌ది 7. ఒకే బ్యారెల్లో వేస్తే పెటోస్కీ కరిగి బురదవుతుంది. దానికి తడి ఎమెరీ కాగితం చాలు: 220, 400, 600 వరసగా. ఒక్కో కాగితానికి ముందటి గీతలన్నీ పోయేదాకా ఆగాలి, తడి ఆరనిచ్చి చూస్తే గానీ గీతలు కనబడవు. చివర మఖ్మల్ గుడ్డ మీద పాలిష్ పొడి వేసి రుద్దాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇదే దారి. రాత్రీ పగలూ గరగరలాడే టంబ్లర్‌ను కింది ఇంటివాళ్లు నాలుగు వారాలు భరించలేరు.

టంబ్లర్ బురదను సింకులో పోయొద్దు. పైపు వంపులో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్‌లో పోసి, తేరాక పైనీళ్లు పారబోసి, అడుగు ముద్దను ఎండబెట్టి చెత్తలో వేయాలి.