తాండూరు బండల ఇల్లుందా? "డస్ట్ ఫ్రీ కోటింగ్" వాళ్లకు తలుపు తీసే ముందు ఇది చదవండి

మల్కాజిగిరిలో మా అమ్మానాన్నల ఇల్లు 1994లో కట్టింది. హాలు, రెండు గదులు, వంటిల్లు, అంతా నీలం తాండూరు బండలే. ముప్పై ఏళ్లు తడిగుడ్డ పెట్టీ పెట్టీ వాటికొక నునుపు వచ్చింది, ఎండాకాలం చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. ఆ నేలను ఒక్క రోజులో పాడు చేయించుకున్నాం, అది కూడా 18,700 రూపాయలు ఒప్పుకుని.

దుమ్ము గోల నిజమే, కాదనను. ఎదురింటిని కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు, అది చాలదన్నట్టు డ్రైనేజీ పైపుల కోసం రోడ్డు తవ్వి పైపైన మట్టి కప్పి పోయారు. పొద్దున ఊడ్చిన హాల్లో మధ్యాహ్నానికి అడుగులు అచ్చు పడేవి. అమ్మ రోజుకు మూడుసార్లు ఊడ్చి నడుం పట్టుకుని కూర్చునేది. సరిగ్గా అప్పుడే పేపర్ మధ్యలో ఒక పాంప్లెట్ వచ్చింది: ఫ్లోర్ డీప్ క్లీనింగ్, డస్ట్ ఫ్రీ కోటింగ్, ఐదేళ్ల వారంటీ. ఫోన్ చేసింది నేనే, ఆ తప్పు నాది.

ఒకతను టక్ చేసుకుని వచ్చాడు. తెల్ల గుడ్డతో నేల రుద్ది నల్లగా అయింది చూపించాడు (ఎవరింట్లో రుద్దినా నల్లగానే అవుతుంది, అప్పుడు తట్టలేదు). ఒక బండ మీద ఏదో పూసి చిన్న మెషిన్ తిప్పితే అద్దంలా మెరిసింది. "మీ బండలకు సన్న రంధ్రాలున్నాయి మేడమ్, దుమ్మంతా అందులో కూర్చుంటోంది, మేం సీల్ చేసేస్తే ఇక నిలవదు" అన్నాడు. అడుగుకి 22 రూపాయలు, 850 అడుగులు. అడ్వాన్స్ 8,000 తీసుకుని చేతిరాత కాగితం ఒకటి ఇచ్చాడు, అందులో జీఎస్టీ నంబర్ లేదు, ఏం వాడతారో లేదు. నేను చదివింది "5 ఇయర్స్ వారంటీ" అన్న ఒక్క లైనే.

మర్నాడు ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. లేబుల్ లేని తెల్ల క్యాన్ నుంచి నేల మీద పోయగానే బుసబుసమని నురగ లేచింది, ముక్కు మండిపోయే వాసన, నాన్న దగ్గుతూ వరండాలోకి వెళ్లిపోయాడు. ఇదేంటని అడిగితే "లోపలి మురికి బయటికొస్తోంది అంకుల్" అన్నారు. మేం నమ్మాం. నురగ చూస్తే పని జరుగుతున్నట్టే ఉంటుంది కదా.

ఆ నురగ మురికి కాదు, మా బండే. తాండూరు బండ సున్నపురాయి. కడప బండ, షాబాద్ బండ, బేతంచెర్ల బండ కూడా అంతే. వాళ్లు పోసింది బాత్రూం కడిగే యాసిడే అయి ఉండాలి, అది సున్నపురాయి మీద పడితే రాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. పై పాలిష్ లేచిపోయి కింద గరుకు రాయి మిగులుతుంది, ఆ గరుకులో దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అంటే దుమ్ము నిలవకుండా చేస్తామని వచ్చి, దుమ్ముకి పరుపు వేసి వెళ్లారు. కరిగినప్పుడు పుట్టే కాల్షియం క్లోరైడ్ పూర్తిగా కడగకపోతే గాలిలో తేమ పీల్చుకుంటుంది, మొదటి వారం నేలంతా కాళ్లకు జిగటగా తగిలింది అందుకేనేమో.

ఇంకా దారుణం, కడిగిన నేల ఆరకముందే అదే సాయంత్రం కోటింగ్ పూసేశారు. రెండు రోజులు మెరిసింది. తర్వాత తెల్ల మచ్చలు, ఆ తర్వాత మంచం కాళ్ల కింద పొరలు పొరలుగా ఊడటం. పదో రోజుకి ఎక్కడ నడిచినా పాదాలకు తెల్లపొడి, నాన్న నల్ల ప్యాంటు అంచులు తెల్లగా. "బయటి దుమ్ము కాదే ఇది, మన నేలే ముగ్గుపిండి అయిపోతోంది" అంది అమ్మ. బండల సందుల్లో సిమెంట్‌ని కూడా యాసిడ్ తినేసింది, ఊడిస్తే ఇసుక వస్తోంది. ఆ యాసిడ్ ఆవిరికి ఇనుప బీరువా కాళ్లు, తలుపు బందులు తుప్పు పట్టాయి, అది నెలకు గానీ కనిపించలేదు.

ఫోన్ చేస్తే మొదటిసారి "మీ ఏరియాలో డస్ట్ ఎక్కువ మేడమ్" అన్నాడు. డస్ట్ ఎక్కువనే కదా నిన్ను పిలిచింది! రెండోసారి వారంటీ అరుగుదలకి వర్తించదన్నాడు. మూడోసారి నుంచి ఎత్తడం లేదు. మిగతా డబ్బులు పని అయిన రోజే ఇచ్చేశాం, మెరుపు చూసి.

చివరికి బాబాయ్ తెలిసిన పాలిష్ మేస్త్రీని పంపాడు. ఆయన వంటింట్లోంచి నిమ్మచెక్క తెమ్మని, కోటింగ్ ఊడిన చోట పిండాడు, సన్నగా బుడగలు. "నిమ్మకాయకే ఇట్లయితే యాసిడ్‌కి ఎట్లమ్మా" అన్నాడు. దయచేసి ఈ పరీక్ష మీరూ చేయండి, మంచం కింద ఎవరికీ కనపడని మూల రెండు చుక్కలు వేసి, చూసి వెంటనే తుడిచేయండి. బుడగలొస్తే ఆ నేల మీద యాసిడే కాదు, వెనిగర్ కూడా వద్దు. మార్బుల్‌కీ ఇదే లెక్క. గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ పొంగవు, కానీ వాటి సందుల్లో సిమెంట్ ఉంటే దాన్ని యాసిడ్ తింటుంది.

మేస్త్రీ నాలుగు రోజులు పట్టాడు. సామానంతా వరండాలో, ఇల్లంతా బూడిదరంగు బురద. పాత కోటింగ్ గీకి, నీళ్లు పోస్తూ మెషిన్‌కి గరుకు రాయి నుంచి సన్న రాయి దాకా మార్చి మార్చి పట్టి, సందులు మళ్లీ నింపాడు. ఇంకో 30,000 పైనే అయింది. పొడి రాలడం ఆగింది. పాత నునుపు మాత్రం రాలేదు, అది రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు తుడవాలి కాబోలు.

రోడ్డు దుమ్ము ఇంకా వస్తూనే ఉంది. రోడ్డు వైపు కిటికీలకు సన్న మెష్ కొట్టించాం, గడప బయట తడి గోనెపట్టా వేశాం. పొడి చీపురుతో గట్టిగా ఊడిస్తే సన్న దుమ్ము లేచి గంటలో మళ్లీ నేల మీదే కూర్చుంటుంది, అందుకే ఇప్పుడు ఫ్యాన్ ఆపి, గట్టిగా పిండిన గుడ్డతో ముందు ఒకసారి లాగేస్తాం. బకెట్ నీళ్లు గదికొకసారి మారుస్తాం. ఫ్లోర్ క్లీనర్ మూతలు మూతలు పోయడం మానేశాం, ఎక్కువైతే జిడ్డు పొర మిగిలి దానికే దుమ్ము అంటుకుంటుంది. ఇందులో దేనికీ ఐదేళ్ల వారంటీ లేదు గానీ అమ్మ ఇప్పుడు రెండుసార్లే తుడుస్తోంది.

ఎవరినైనా పిలిచినా ఏ కెమికల్ వాడతారో బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే పంపించేయండి. క్యాన్ మీద లేబుల్ ఫోటో తీయండి. నురగ వస్తే ఆపమనండి, మొహమాటపడకండి. కోటింగ్ వేసే ముందు నేల పూర్తిగా ఆరిందా చూడండి. మొత్తం డబ్బులు పదిహేను రోజులాగి ఇస్తామంటే ఏమంటారో వినండి, అక్కడే చాలా తెలిసిపోతుంది.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, చెల్లించింది 5 లక్షల లోపయితే ఫైలింగ్ ఫీజు లేదు, టైం రెండేళ్లు ఉంది. నా దగ్గర ఉన్న ఆధారాలు యూపీఐ రసీదులు, ఆ చేతిరాత కాగితం, మేస్త్రీ పని మొదలుపెట్టే ముందు తీసిన వీడియో. క్యాన్ ఫోటో మాత్రం లేదు. మీలో ఎవరైనా ఇలాంటి కేసు వేసి ఉంటే, క్యాన్ ఫోటో లేకుండా యాసిడ్ వాడారని ఎలా చూపించారో కింద చెప్పండి.